రంజాన్ ఏటా ఎందుకు ముందుకు జరుగుద్ది సార్? – ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన నెల రొట్టెల పండగ (నెల్లూరు బారాషహీద్ దర్గాలో జరిగేది) గురించి నాలుగు ముక్కలు రాసినందుకు ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ సగానికి పైగా మతాల మీదే ఉన్నాయి. నేను పూజారిని కాదు, పాస్టర్‌ని కాదు, మౌల్వీని అంతకన్నా కాదు, పిల్లకాయలకి హిస్టరీ చెప్పి రిటైర్ అయినోడిని, కాబట్టి ఏ మతం ఏం చెప్తాదో చెప్పగలను గానీ ఏది నిజమో తేల్చమంటే మాత్రం నా వల్ల కాదు. తిట్టుకుంటా రాసిన రెండు ఉత్తరాలు పక్కన పెట్టేశా, మిగతావాటికి జవాబులు ఇవి.

ప్రశ్న: సార్, నేను కావలిలో డిగ్రీ సెకండియర్. ప్రపంచ మతాల మీద పది నిమిషాల సెమినార్ ఇవ్వమన్నారు. నెట్‌లో చూస్తే ఒక్కోటి వంద పేజీలుంది, యాడ మొదలుపెట్టాలో అర్థం కావడం లేదు. రొంత చెప్తారా?

జవాబు: లెక్కలతో మాత్రం మొదలుపెట్టొద్దమ్మా, అందరూ అదే చేస్తారు, రెండో నిమిషానికే వెనక బెంచీ నిద్రపోద్ది. అయినా అడుగుతారు కాబట్టి ఇవి రాసి పెట్టుకో. 2020 నాటి అంచనాల ప్రకారం క్రైస్తవులు 230 కోట్లు, ముస్లింలు 200 కోట్లు, హిందువులు 120 కోట్లు, బౌద్ధులు 32 కోట్ల పైచిలుకు. ఏ మతమూ లేదు అని చెప్పుకునేవాళ్లు 190 కోట్లు, అంటే హిందువుల కన్నా ముందు మూడో స్థానం వాళ్లదే, ఈ సంగతి చాలామందికి తెలవదు. యూదులు కోటిన్నర లోపే, మన రాష్ట్ర జనాభాలో మూడో వంతు కూడా ఉండరు, కానీ క్రైస్తవానికీ ఇస్లాంకీ మూలం అక్కడే ఉంది, మూడు మతాల వాళ్లూ అబ్రహాముని (ముస్లింలు ఇబ్రహీం అంటారు) తమ పెద్దాయనగా చెప్పుకుంటారు.

నన్నడిగితే ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టు. మనిషికి జన్మ ఒకటా, చాలానా? దీని దగ్గరే ప్రపంచం రెండుగా చీలిపోద్ది. యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల్లో బతుకు ఒక్కసారే, ఆ తర్వాత దేవుడి ముందు లెక్క అప్పజెప్పాలి (యూదులు దీని గురించి తక్కువ మాట్లాడతారు, వాళ్ల ధ్యాసంతా ఈ లోకంలో దేవుడి ఆజ్ఞలు ఎట్లా పాటించాలన్నదాని మీదే). మన దేశంలో పుట్టిన హిందూ, జైన, బౌద్ధ, సిక్కు మతాలు నాలుగింటికీ పుట్టడం చావడం మళ్లీ పుట్టడం అనే చక్రం ఉంది, చేసిన కర్మ వెంటబడి వస్తది, దాంట్లోంచి బయటపడటమే పని. అందుకే చర్చిలో పరలోకం అన్నా, గుడిలో మోక్షం అన్నా పైకి ఒకేలా వినపడతాయి గానీ ఒకటి కాదు. ఒకాయన ఎప్పటికీ బతికుండాలని కోరుకుంటున్నాడు, ఇంకొకాయన ఇంక పుట్టకుండా ఉంటే చాలు తండ్రీ అంటున్నాడు. పాపం అనే మాట కూడా అంతే, తెలుగు బైబిల్లో పాపం అంటే దేవుడికి ఎదురుతిరగడం, మనింట్లో అమ్మమ్మ పాపం అంటే చేసింది అనుభవించాల్సిన పద్దు, బస్టాండ్‌లో అయ్యో పాపం అంటే ఈ రెండూ కాదు!

రెండో ప్రశ్న దేవుడు ఎందరు అని. యూదులకీ ముస్లింలకీ సిక్కులకీ ఒక్కడే, దాంట్లో రాజీ లేదు. క్రైస్తవులకి కూడా ఒక్కడే, కానీ తండ్రి కుమారుడు పరిశుద్ధాత్మ అని ముగ్గురుగా, ఈ లెక్క ముస్లింలకి అస్సలు మింగుడు పడదు. జైనులకీ బౌద్ధులకీ లోకాన్ని చేసిన దేవుడే లేడు. హిందువులకి అయితే ఒకటీ అవుద్ది, మూడూ అవుద్ది, ముక్కోటీ అవుద్ది, నిరాకారమూ అవుద్ది. మన నెల్లూరు తిక్కన 13వ శతాబ్దంలో శివుడు గొప్పా విష్ణువు గొప్పా అని జనం కొట్టుకుంటా ఉంటే ఇద్దర్నీ కలిపి హరిహరనాథుడు అని, ఆయనకే భారతం అంకితం ఇచ్చేశాడు. సెమినార్‌లో ఇది చెప్పు, మార్కులు పడతాయి.

మూడోది, గట్టెక్కాలంటే మన కష్టమా, పైవాడి దయా? ఇక్కడ నాకిష్టమైన పోలిక ఒకటి ఉంది. రామానుజుల వారి తర్వాత శ్రీవైష్ణవులు ఇదే విషయం మీద రెండుగా విడిపోయారు. వడగలై వాళ్లు కోతిపిల్ల అంటారు, కోతి దూకేటప్పుడు పిల్లే తల్లి పొట్టని గట్టిగా పట్టుకోవాలి, అంటే మన వైపు నుంచీ ఎంతో కొంత ప్రయత్నం ఉండాలి. తెంగలై వాళ్లు పిల్లికూన అంటారు, కూన ఏమీ చెయ్యదు, తల్లే మెడ దగ్గర కరుచుకుని తీసకపోద్ది, అంతా భగవంతుడి దయ. ఇప్పుడు చూడు, 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ పోప్ మీద తిరగబడినప్పుడు నడిచిన గొడవలో అసలు ముడి కూడా ఇదే, మన క్రియల వల్ల కాదు విశ్వాసం వల్ల, కృప వల్ల రక్షణ అన్నాడు, అంటే పిల్లికూన పార్టీ అన్నమాట. వీళ్లకీ వాళ్లకీ ఉత్తర ప్రత్యుత్తరాలు ఏమీ లేవు, మనిషి ఆలోచన అట్లా ఒకే మలుపు దగ్గరికి వచ్చి ఆగింది. ఇదే ప్రశ్న బుద్ధుణ్ణో మహావీరుణ్ణో అడిగితే కోతిపిల్ల కూడా కాదు, తల్లి కోతి లేదు, నువ్వే దూకాలి అంటారు.

ఈ మూడూ చెప్పేసరికి నీ పది నిమిషాలు అయిపోతాయి.

ప్రశ్న: అన్ని మతాల సారం ఒక్కటే కదా అన్నా, ఎందుకీ తేడాలు వెతకడం? – కందుకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మంచి మనసుతో అడిగావు గానీ నేను ఒప్పుకోను తమ్ముడూ. ఒంగోలు గిత్తకీ ముర్రా గేదెకీ నాలుగేసి కాళ్లే, రెండూ గడ్డే తింటాయి, అట్లాగని సంతలో రెండూ ఒకటే అంటే రైతు ఊరుకుంటాడా?

ఒక్క ఉదాహరణ చాలు. యేసు ప్రభువుని ముస్లింలు ఈసా అంటారు, పెద్ద ప్రవక్తల్లో ఒకడిగా గౌరవిస్తారు, ఆయన తల్లి పేరు మీద ఖురాన్‌లో 19వ సూరా (అధ్యాయం) ఉంది, మర్యం అని, కన్యకి పుట్టాడని కూడా ఖురానే చెప్తాది. ఇంతవరకూ చర్చిలో చెప్పేదే. కానీ దేవుడి కుమారుడు అన్నమాటా, సిలువ మీద చనిపోయాడన్నమాటా ఖురాన్ ఒప్పుకోదు. క్రైస్తవానికేమో ఆ సిలువే ప్రాణం. ఇప్పుడు రెండూ ఒకటే అంటే ఇద్దరి మాటా విననట్టే కదా.

కలిసేది ఎక్కడంటే నడవడిక దగ్గర. దొంగతనం చెయ్యొద్దు, అబద్ధం చెప్పొద్దు, ఆకలిగా ఉన్నోడికి పెట్టు, ఇది అందరూ చెప్పారు. ఇతరులు ఏం చేస్తే నీకు బాధగా ఉంటదో అది నువ్వు వాళ్లకి చెయ్యకు, ధర్మాలన్నిటికీ ఇదే దారి అని తిక్కన పద్యం ఉంది, ‘ఒరులేయవి’ అని మొదలవుద్ది, మా కాలంలో బట్టీ కొట్టించేవాళ్లు. చైనాలో కన్ఫ్యూషియస్ చెప్పిందీ అదే, యూదు గురువు హిల్లెల్ చెప్పిందీ అదే. యేసు మాత్రం దాన్ని తిరగేసి, ఇతరులు నీకు ఏం చెయ్యాలనుకుంటావో అది నువ్వే ముందు చెయ్యి అన్నాడు. చెయ్యకు అనడానికీ చెయ్యి అనడానికీ మధ్య ఎంత దూరముందో నువ్వే ఆలోచించు, పక్కింట్లో ఒకడు పస్తులుంటే మొదటి దాని ప్రకారం ఊరుకున్నా తప్పు లేదనిపిస్తది, రెండో దాని ప్రకారం కంచం పట్టుకుని పోవాల్సిందే.

ప్రశ్న: మాది ఆత్మకూరులో బట్టల షాపు సార్. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి వస్తా ఉంటది, సరుకు ఎప్పుడు తెప్పించాలో లెక్క కుదరదు. ఉగాది కూడా చంద్రుణ్ణి బట్టే కదా, అదెందుకు అట్లా జరగదు?

జవాబు: ఈ నెల వచ్చిన వాటిల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే ఇది వ్యాపారం ప్రశ్నలా ఉంది గానీ లోపల పెద్ద కథ ఉంది.

అమావాస్య నుంచి అమావాస్యకి ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అట్లాంటివి 12 అయితే 354 రోజులు. సూర్యుడి సంవత్సరం 365. పదకొండు రోజులు తరుగు. ఈ తరుగుని ఏం చెయ్యాలి అన్నదే ప్రతి మతానికీ వచ్చిన చిక్కు.

మనోళ్లు ఏం చేశారంటే, ఆ పదకొండు రోజుల్ని చిట్టీ డబ్బుల్లాగా కూడబెట్టి, దాదాపు ముప్పై రెండు ముప్పై మూడు నెలలకొకసారి ఒక నెల అదనంగా వేశారు, అదే అధికమాసం. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. అందుకే ఉగాది మార్చి ఏప్రిల్ దాటి యాడికీ పోదు. యూదులు కూడా అదే పని చేశారు, 19 ఏళ్లలో 7 సార్లు నెల కలుపుతారు, ఎందుకంటే వాళ్ల పస్కా పండగ వసంతంలోనే రావాలని ధర్మశాస్త్రంలో ఉంది. ఇస్లాంకి ముందు అరబ్బులు కూడా నెలల్ని అటూ ఇటూ జరుపుకునేవాళ్లు, ఖురాన్ 9వ సూరాలో అది వద్దని గట్టిగా ఆపేసింది, సంవత్సరానికి నెలలు పన్నెండే అని. కాబట్టి రంజాన్‌కి ఋతువుతో సంబంధం తెగిపోయింది, సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తది. దీంట్లో ఒక న్యాయం కూడా ఉందని కొందరు ముస్లిం మిత్రులు చెప్తారు, లేకపోతే ఒక దేశంలో వాళ్లు జీవితమంతా మండుటెండల్లో పొడవాటి పగళ్లు ఉపవాసం, ఇంకో దేశంలో వాళ్లు చలికాలంలో చిన్న పగళ్లు, ఇట్లా తిరిగితే అందరికీ రెండూ వస్తాయి. మే నెల ఆత్మకూరు ఎండల్లో మంచినీళ్లు కూడా తాగకుండా రోజా ఉండటం ఏందో నీకు నేను చెప్పాలా.

క్రిస్మస్ కదలదు, సూర్యుడి క్యాలెండర్. రష్యా వాళ్లు జనవరి 7న చేసుకుంటారు, అది వాళ్ల చర్చి ఇంకా పాత క్యాలెండర్ వాడటం వల్ల, ఆ రెండింటికీ ఇప్పుడు 13 రోజులు తేడా. కానీ ఈస్టర్ కదులుద్ది, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి తర్వాతి ఆదివారం, అంటే అందులో సూర్యుడూ చంద్రుడూ వారమూ మూడూ కలిశాయి.

నీ షాపు సంగతి చెప్పమంటే, 2030 గుర్తు పెట్టుకో. ఆ ఏడాది జనవరిలో ఒక రంజాన్ నెల మొదలవుద్ది, డిసెంబర్ ఆఖర్లో ఇంకోటి మొదలవుద్ది, ఒకే సంవత్సరంలో రెండు. పైగా ఆ రెండోది మొదలయ్యేది క్రిస్మస్ పక్కనే. సరుకు బాగా తెప్పించుకో.

ప్రశ్న: మేము బాప్టిస్టులం, ఒంగోలు. మా పాపకి వచ్చిన సంబంధం ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లది. అందరం యేసునే నమ్ముతాం గదా, ఇంత తేడా ఏంది? పాప మళ్లీ బాప్తిస్మం తీసుకోవాల్నా?

జవాబు: అమ్మా, ముందు రెండోదానికి చెప్తా, ఇంట్లో టెన్షన్ అదే కాబట్టి. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతో ఇచ్చిన బాప్తిస్మాన్ని కేథలిక్కులు మామూలుగా ఒప్పుకుంటారు, రెండోసారి ఇవ్వరు. పెళ్లికి మాత్రం వాళ్ల బిషప్ గారి పర్మిషన్ కావాలి, అది ఫాదర్ గారు చూసుకుంటారు, పెళ్లి ముహూర్తానికి ముందు కాదు, కొన్ని నెలల ముందే పోయి కలవండి. చిక్కు అటువైపు నుంచి వస్తే వస్తది, అబ్బాయి మీ సంఘంలో చేరతానంటే పసిపిల్లగా ఉన్నప్పుడు నెత్తిన నీళ్లు పోసింది మీ వాళ్లు లెక్కలోకి తీసుకోరు.

అసలు తేడా అక్కడే పుట్టింది. నమ్మకం అనేది ఊహ తెలిసినోడు తనంతట తను చెప్పాల్సిన మాట, ఆ తర్వాతే నీళ్లలో పూర్తిగా ముంచాలి అన్నది బాప్టిస్టుల పట్టుదల, పేరే దాన్నించి వచ్చింది. కేథలిక్కులకి పోప్ ఉన్నాడు, ఏడు సంస్కారాలున్నాయి, మరియమాతని మా కోసం ప్రార్థించమ్మా అని అడుగుతారు (గుణదల తిరునాళ్లకి పోయొచ్చినోళ్లకి నేను చెప్పేదేముంది), వాళ్ల బైబిల్లో 73 పుస్తకాలు, మీ దాంట్లో 66.

మీ ఒంగోలుకి దీంట్లో పెద్ద చరిత్రే ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మొదలుపెట్టారు, చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ చేరలేదు, మూసేద్దామా అన్నదాకా వచ్చింది. తర్వాత క్లౌ దొర అనే అమెరికన్ మిషనరీ ఒంగోలు వచ్చాడు. 1876–78 కరువులో జనం చచ్చిపోతా ఉంటే బకింగ్‌హామ్ కాలవ తవ్వే పనిలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చాడు, కానీ తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. వచ్చినోళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు వల్లా, నమ్మకం వల్లా, ఊళ్లో మనిషిగా చూడకపోవడం వల్లా అని ఇప్పటికీ వాదించుకుంటారు. మూడూ ఉన్నాయనే నేను అనుకుంటా, ఆకలీ అవమానమూ ఆశా విడివిడిగా వచ్చే ఇళ్లు ఎక్కడుంటాయి?

ప్రశ్న: బారాషహీద్ దర్గాలో రొట్టె పట్టుకునే హిందూ ఆడోళ్లు ఏ మతం కిందకి వస్తారు? – కోవూరు

జవాబు: వెటకారంగా అడిగినా జవాబు చెప్తా. కోరిక తీరినామె రొట్టె తెస్తది, కోరిక ఉన్నామె స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి అది తీసుకుంటది, తీరితే మళ్లీ ఏడాది రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తది. ఇది ఖురాన్‌లో లేదు, వేదంలోనూ లేదు. దర్గాల దగ్గర మొక్కడమే తప్పనే ముస్లింలూ ఉన్నారు, మనమెందుకు పోవాలనే హిందువులూ ఉన్నారు. మతం అంటే గ్రంథం అనుకుంటే ఆ ఆడోళ్లు ఏ లెక్కలోకీ రారు, మతం అంటే బిడ్డ కోసం మొక్కుకోవడం అనుకుంటే వాళ్ల తర్వాతే ఎవరైనా.

ప్రశ్న: బుద్ధుడు దశావతారాల్లో ఉన్నాడు గదా, మరి బౌద్ధం వేరే మతం ఎట్లా అయింది సార్? – దొనకొండ

జవాబు: మీ పక్కనే చందవరంలో శాతవాహనుల నాటి స్తూపం పెట్టుకుని నన్ను అడుగుతున్నారా! బుద్ధుణ్ణి అవతారం అన్నది పురాణాలు, ఆయన పోయిన చాలా శతాబ్దాలకి. మన దక్షిణాదిన చాలా పట్టికల్లో ఆ చోట బలరాముడే ఉంటాడు. బౌద్ధులు దీన్ని ఒప్పుకోరు, 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో అంబేద్కర్ గారు బౌద్ధం తీసుకున్నప్పుడు చేయించిన 22 ప్రతిజ్ఞల్లో బుద్ధుడు విష్ణువు అవతారం అన్నదాన్ని నమ్మను అన్నది ఒకటి.

అసలు తేడా ఆత్మ దగ్గర. ఉపనిషత్తులు లోపల మారని ఆత్మ ఒకటుంది, దాన్ని తెలుసుకో అన్నాయి. బుద్ధుడు వెతికి చూసి, మారకుండా ఉండేది ఏదీ కనపళ్లేదు అన్నాడు. మరి ఆత్మే లేకపోతే మళ్లీ పుట్టేది ఎవరు అని గ్రీకు రాజు మిళిందుడు నాగసేనుడనే భిక్షువుని అడిగాడంట, దానికాయన, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే ఏం దాటి పోయింది చెప్పు అన్నాడు. నేను పిల్లకాయలకి ఇది చెప్పిన ప్రతిసారీ క్లాసు కాసేపు మాట్లాడకుండా ఉండేది.

ప్రశ్న: నాయుడుపేట, లారీ డ్రైవర్‌ని. అమృత్‌సర్‌లో గుడికి పోతే లోపల విగ్రహం లేదు, పుస్తకానికి విసురుతా ఉండారు. అన్నం పెట్టారు, ఎవురివి అని అడగలా. ఏంది సార్ కథ?

జవాబు: ఆ పుస్తకమే సిక్కుల గురువు, గురు గ్రంథ్ సాహిబ్ అంటారు, అందుకే రాజుకి వింజామర విసిరినట్టు విసురుతారు. నానక్ గారు 1469లో పుట్టారు, ఆయన్నించి పది మంది గురువులు, పదో ఆయన గోవింద్ సింగ్ 1708లో ఇంక మనిషి గురువు లేడు, గ్రంథమే గురువు అనేశాడు. 1430 పేజీలు. దాంట్లో సిక్కు గురువులవే కాదు, కబీరు, చర్మకారుడు రవిదాసు, ముస్లిం ఫకీరు షేక్ ఫరీద్ పాడినవి కూడా ఉన్నాయి. నువ్వు తిన్నది లంగర్, అందరూ ఒకే బంతిలో నేల మీద కూచోవాలి, కులం అడిగితే ఆ వరసే చెడిపోద్ది. ఇంకోసారి పోయినప్పుడు తినడంతో పాటు కాసేపు రొట్టెలు ఒత్తిరా, ఎవరైనా చెయ్యొచ్చు.

ప్రశ్న: మసీదులో అందరూ పడమరకి తిరిగి మొక్కుతారు, మన గుళ్లో దేవుడు తూర్పుకి చూస్తాడు. కావాలనే తిరగేశారా? – నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట

జవాబు: అట్లా చాలామంది అనుకుంటారు, కాదు. వాళ్లు తిరిగేది పడమరకి కాదు, మక్కా వైపు, అది మనకి పడమర దిక్కున ఉంది అంతే. మొదట్లో ముస్లింలు కూడా యూదుల్లాగా జెరూసలేం వైపే తిరిగేవాళ్లు, 624లో మక్కాకి మారారు. మొరాకోలో మసీదుకి పోయి చూడు, తూర్పుకి తిరిగి ఉంటారు. పాత చర్చీల్లో బలిపీఠం తూర్పున పెట్టేవాళ్లు. ఇంక మన గుళ్లో దేవుడు తూర్పుకి చూస్తా ఉంటే ఎదురుగా నిలబడిన మనం పడమరకే కదా దణ్ణం పెడుతున్నాం, అది ఎప్పుడైనా గమనించారా?

మీ అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడని రాశారు. అక్కడ మసీదుల్లో ఈశాన్యానికి తిరుగుతారు, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దగ్గర దారి అటే. ఈశాన్యం అంటే మన వాస్తు సిద్ధాంతులకి కూడా అభ్యంతరం ఉండదనుకుంటా.